దేవుని మూటలో పచ్చ బూజు

ల్యాబు ఉద్యోగమంటే తెల్లకోటు తొడుక్కుని జవాబులు చెప్పడమే అనుకుని చేరే పిల్లలకు ముందే ఒక మాట చెబుతున్నాను. నా సర్వీసులో సగం "తెలియదు" అనడంతో గడిచింది, తక్కిన సగం "ఇంకా తెలియదు" అనడంతో గడిచింది. ఈ రెండింటికీ చాలా తేడా ఉందని మా పెద్దసారు అనేవారు. రిటైరైన తర్వాత కూడా ఆ తేడా నాకు సరిగ్గా బోధపడలేదు. అందుకే, గెలిచిన కేసులు చెప్పమని మీరు అడిగినా, నన్ను తికమక పెట్టిన కేసు ఒకటి చెబుతాను.

నేను పనిచేసింది మదనపల్లెలో. పప్పులు, నూనెగింజలు, తిండిగింజలు ఏవి వచ్చినా వాటిలో బూజు ఉందా, ఉంటే ఏ బూజు అని చూడడం నా పని. ఇంట్లోవాళ్ళు నన్ను "బూజమ్మ" అని ఎగతాళి చేసేవాళ్ళు. పండగకు ఇల్లు దులపమంటే, అది నీ శాఖే కదా అని చీపురు నా చేతికే ఇచ్చేవాళ్ళు.

నా రిటైర్మెంటు దగ్గరపడిన ఏడాది, ముసురు పట్టిన రోజుల్లో, పుంగనూరు అవతల ఉన్న ఒక చిన్న మిషన్ ఆస్పత్రి నుంచి ఒకామె మా ల్యాబుకు వచ్చింది. బక్కపలచటి మనిషి, నడివయసు దాటింది. ఆ ఆస్పత్రిలో బలం లేక చేరిన చిన్నపిల్లల వార్డుకు వంట చేసేది ఆమే. కొంగు కింద దాచి తెచ్చిన స్టీలు డబ్బా నా బల్ల మీద పెట్టి మూత తీసింది. వలిచిన వేరుశనగ గింజలు. కొన్నింటి మీద పచ్చటి పొడి, సన్నగా, పసుపు కొమ్ము మీద దుమ్ము పడినట్టు.

"మూట అడుగున ఇట్ల ఉండాయమ్మా," అంది. "పైనుండేటివి బాగనే కనపడినాయి. వాటిని వలిచి, వేయించి, బెల్లం పాకం పట్టి, ఉండలు చేసి బిడ్డలకు పెడ్తి. దినామూ పెడ్తి. అడుక్కు పోయినాక సూస్తే ఈ కత."

"ఈ కాయలు యాడివి?"

"కోత పండగవి. సదుం రైతు ఒకాయన చర్చికిచ్చిన మూట."

చర్చిల సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పంట చేతికొచ్చే రోజుల్లో మా వైపు చర్చిల్లో కోత పండగ చేస్తారు. తొలిపంటలో కొంత తెచ్చి దేవుని ముందు పెడతారు. చెరుకు గడలు, గుమ్మడికాయలు, రాగి కంకులు, టమాటా బుట్టలు, ఏది పండితే అది. ఆ ఆస్పత్రి చర్చిలో పెట్టిన వేరుశనగ మాత్రం ఏటా నేరుగా పిల్లల వంటింటికి పోతుంది.

ఆమె నా ముఖంలోకి చూసి, "ఒక్క మాట చెప్పండి మేడం. నేను బిడ్డలకు పెట్టినేటిది విషమా, కాదా? ఉందా, లేదా, అంతే," అంది. వెంటనే తనే, "బాగా వేయిస్తి కదా, సచ్చిపోయుండదా?" అని అడిగింది.

"బూజైతే చస్తుందమ్మా. అది విషం పెట్టిపోయుంటే మాత్రం, ఎంత వేయించినా ఆ విషం పూర్తిగా పోదు," అన్నాను. చదువుకున్నవాళ్ళకు నోరు ఊరుకోదు. ఆమె డబ్బాకు మూత పెట్టి నా వైపు తోసేసింది.

వేరుశనగకు పట్టే పచ్చబూజుల్లో ఒకటి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. అది కాలేయాన్ని మెల్లగా తింటుంది. ఒకరోజు తింటే ఏమీ కనపడదు. చిన్నపిల్లలు, అందులోనూ బక్కచిక్కిన పిల్లలు, రోజూ తింటే అది వేరే మాట. ఆ విషం ఉందో లేదో చూసే కిట్టు మా దగ్గర ఉండాలి. ఆ రోజుల్లో అయిపోయింది. కొత్తది రావడానికి ఆలస్యమవుతుందన్నారు. ఊళ్ళో పెళ్ళికి వెళ్ళేనాటికే చీర చాకలింట్లో ఉంటుంది కదా, అట్లాగే.

అప్పుడు మా పెద్దసారు ఉత్సాహంగా, "కిట్టు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవడమెందుకు? జన్యుక్రమం చదివిద్దాం. బూజు పేరు తెలిస్తే గుణం తెలుస్తుంది," అన్నారు. మాకు అప్పటికి కొత్తగా ఒక మిషను వచ్చింది. గింజ మీది బూజు నుంచి జన్యుపదార్థం తీసి, అందులో ఒక చిన్న ముక్కను ఆ మిషనులో లక్షల రెట్లు పెంచి, బెంగళూరుకు పంపితే, అక్కడ ఆ ముక్కలోని అక్షరాల వరస చదివి మెయిలులో పంపుతారు. ఆ వరసను లోకంలో అందరూ దాచిపెట్టిన వరసలతో పోల్చి చూస్తే పేరు దొరుకుతుంది. చెప్పడానికి ఇంతే.

ఆ పని చేసేది కుప్పం నుంచి వచ్చిన అమ్మాయి. కొత్తగా చేరింది. చురుకైన పిల్ల. మాట్లాడితే తెలుగులో తమిళం, తమిళంలో కన్నడం కలిపేది. కోపమొస్తే మూడూ వదిలేసి ఇంగ్లీషులో తిట్టేది. ఆ అమ్మాయి పచ్చటి గింజలను నూరి, జన్యుపదార్థం తీసి, మిషనుకు పెట్టి, బెంగళూరుకు పంపింది. అందరం ఎదురుచూశాం. జవాబు వచ్చింది. పెద్దసారు కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివారు.

జవాబు: వేరుశనగ.

మేము గింజను బూజుతో సహా నూరాము కదా. మిషను బూజు ముక్కను వదిలేసి గింజ ముక్కను పెంచి పంపింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే విన్నాను గానీ, కొండను తవ్వి కొండనే పట్టిన ల్యాబు మాదే అయ్యుండాలి. పెద్దసారు మాత్రం, "మంచిదే. కల్తీ లేదని తేలింది," అని గంభీరంగా లోపలికి వెళ్ళిపోయారు. కుప్పం అమ్మాయి బల్ల మీద తల పెట్టుకుని నవ్వుతోందో ఏడుస్తోందో నాకు అర్థం కాలేదు.

రెండోసారి గింజ తగలకుండా పచ్చపొడిని మాత్రమే గీకి పంపింది. ఈసారి ఆ అక్షరాలను చూపే గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి, బస్టాండులో పదిమంది కండక్టర్లు ఒకేసారి ఊళ్ళ పేర్లు అరిచినట్టు. ఆ పొడిలో ఒక బూజు కాదు, నాలుగైదు రకాలు కాపురముంటున్నాయి. ఎవరి మాట ఏదో చెప్పలేమని బెంగళూరు వాళ్ళు తేల్చేశారు.

ఈలోగా ఆస్పత్రి డాక్టరమ్మ ఫోన్ చేసింది. పిల్లల తల్లులందరికీ విషయం చెప్పేశానని, పిల్లలకు రక్తపరీక్షలు చేయిస్తున్నానని, ఇప్పటికి ఏమీ కనపడలేదని చెప్పింది. "కనపడలేదంటే లేదని కాదు, మీకు తెలుసు కదా," అంది. నాకు తెలుసు. తర్వాత గొంతు తగ్గించి, "మా వంటామె పొయ్యి ముట్టడం లేదు. వంటింటి గడప మీద కూర్చుని ఉంటుంది. మీరు మాట చెప్పేదాకా గరిటె పట్టనంటోంది. వేరేవాళ్ళు వండితే పిల్లలు తినడం లేదు," అంది. అప్పటిదాకా అది నాకు ఒక డబ్బాడు గింజల కేసు. ఆ ఫోను తర్వాత రాత్రీ పగలూ ఆ గడపే కళ్ళముందు ఉండేది. నాకు భయం వేసింది, ఉన్నమాట చెప్పాలంటే.

మూడోసారి బూజును పళ్ళేల్లో పెంచి, ఒక్కొక్క మచ్చనూ వేరుచేసి, ఎక్కువగా ఉన్న పచ్చమచ్చను మాత్రమే పంపాం. ఈసారి అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. పోల్చి చూసిన కుప్పం అమ్మాయి నన్ను కేకేసింది.

"మేడం, ఇది యాల ఇట్ల చెప్తాది? రెండు పేర్లు చెప్తాది. రెండూ అచ్చం సరిపోతాయంటాది."

చూశాను. ఒక పేరు, మేము భయపడిన విషపు బూజు. రెండో పేరు, జపాను దేశంలో సోయా పులియబెట్టి తిండి చేసుకోవడానికి తరతరాలుగా వాడే బూజు. ఒకటి కాలేయం తినేది, ఒకటి కడుపు నింపేది. మేము చదివించిన ముక్కలో రెండింటికీ ఒక్క అక్షరం తేడా లేదు. అవి అంత దగ్గర చుట్టాలట. రేషన్ కార్డులో ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన అన్నదమ్ములిద్దరూ ఒకటే గుణం అయిపోతారా?

"జపాను బూజు సదుం చేలోకి యాల వస్తాది మేడం?" అంది ఆ అమ్మాయి.

"రాదు. విషపు బూజే అయ్యుండాలి. కానీ ఆ బూజులోనూ విషం చేసేవి ఉంటాయి, చేయనివీ ఉంటాయి."

"అట్లయితే ఇంత పని చేసి మనకు ఏం తెలిసినట్టు?"

ఆ మాటే పట్టుకుని లోపలికి వెళ్ళాను. పెద్దసారును అడిగితే, "ఇంకా తెలియదు," అన్నారు.

చివరికి కిట్టు వచ్చింది. డబ్బాలోని పచ్చగింజల్లో విషం ఉంది. అది తేలడానికి ఒక మధ్యాహ్నం చాలింది. కానీ అవి మూట అడుగువి, పిల్లలు తిననివి. పిల్లలు తిన్న పైగింజలు ఒక్కటీ మిగల్లేదు. పోనీ ఆ కాయలిచ్చిన రైతు ఇంట్లో మిగిలిన పంటను తెప్పించి చూస్తే, అది కడిగిన ముత్యంలా ఉంది. అదే చేను, అదే పంట, ఒకే వారంలో పీకిన చెట్లు. ఇంట్లో తినేవి బాగున్నాయి, దేవునికిచ్చినవి పాడయ్యాయి. లోకంలో అందరూ దీనికి తలకిందులుగా చేస్తారు. దేవునికిచ్చే కొబ్బరికాయ కుళ్ళిందైనా పరవాలేదు అనుకునేవాళ్ళను చూశాను. నాకు మళ్ళీ బుర్ర తిరిగింది.

పెద్దసారు జీపు ఇచ్చారు. నేనూ కుప్పం అమ్మాయీ సదుం వైపు బయలుదేరాం. ముసురు విడిచి ఎండ కాసింది. దారి పొడుగునా తారురోడ్డు మీద సగానికి వేరుశనగ ఆరబోసి ఉంది. మన వైపు ఇది మామూలే, కళ్ళం కంటే రోడ్డు వేడెక్కువ. లారీలు, ఆటోలు, మనుషులు, మేకలు అన్నీ దాని మీదే పోతాయి. మా డ్రైవరు సణుక్కుంటూ, కాయలు చిట్లుతుంటే తప్పించుకుంటూ నడిపాడు.

ఆ రైతు పెద్దాయన. తలపాగా, చేతిలో జల్లెడ. వాళ్ళది హిందూ కుటుంబమే. మరి చర్చికి మూట ఎందుకంటే, ఆయన భార్యకు కాన్పు కష్టమైతే పాతరోజుల్లో ఆ ఆస్పత్రివాళ్ళే తల్లినీ బిడ్డనూ బతికించారట. అప్పటినుంచి ఏటా తొలిపంటలో ఒక మూట ఆ దేవునికి. మూట పాడైన సంగతి ఆయనకింకా తెలియదు. చర్చివాళ్ళు బాగున్నారా, వంటమ్మ బాగుందా అని అడిగాడు.

"ఇంట్లో కాయలు బాగుండాయప్పా. ఆరబెట్టింది యాడ?" అని అడిగాను.

"రోడ్డు మీదనే. అందరూ ఆడనే కదా పోసేది."

"చర్చికి ఇచ్చినవి కూడా ఆడనే ఆరబెడితిరా?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "అదెట్లమ్మా? దేవునిది తెచ్చి రోడ్డు మీద పోస్తామా? నలుగురూ తొక్కుతారు, మేకలు నాకుతాయి, ఎంగిలైపోదూ? పీకినాక కాయలు కోసి, బాగా కడిగి, కొత్త గోనెసంచిలో కట్టి, దేవుని మూల పెట్టినా. ఒక్క గింజ కూడా మేము నోట్లో ఏసుకోలేదు."

కడిగి. తడి కాయలు. ఆపైన ముసురు. కొత్త గోనెసంచి, ఎండ లేదు, గాలి లేదు. రుచి చూసుంటే చేదైనా తెలిసేది, ఎంగిలి అవుతుందని అదీ చూడలేదు. ఇంటికోసం ఉంచుకున్నవి లారీ చక్రాల కింద పొర్లి శుభ్రంగా ఎండాయి. బెంగళూరు నుంచి వచ్చిన అక్షరాల్లో ఎక్కడా ఈ ముక్క లేదు.

నేను చెప్పకుండానే జీపు వైపు తిరిగాను. కుప్పం అమ్మాయి మాత్రం ఆగలేక, "అయ్యో తాతా, అందుకేనా బూజు పట్టింది!" అనేసింది. చెప్పక తప్పలేదు. అంతా విని పెద్దాయన జల్లెడ కింద పెట్టాడు. "బిడ్డలు తిన్నారా?" అన్నాడు. తిన్నారన్నాను. "మంచిగుండాలనే కదమ్మా కడిగింది," అని ఒకటే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. ఆయన్ను అట్లా వదిలి రావడం నాకు మనసొప్పలేదు, ఉండి చేసేదీ ఏమీ లేదు.

ఇంతలో ఒక చిన్న ఆశ దొరికింది. నిమ్మనపల్లె దగ్గర ఒక తల్లి, ఆ వార్డు నుంచి బిడ్డను ఇంటికి తీసుకుపోయేటప్పుడు వంటమ్మ దారికిచ్చిన ఉండను తినకుండా డబ్బాలో దాచిపెట్టింది. డాక్టరమ్మ దాన్ని తెప్పించి మాకు పంపింది. పరీక్ష చేశాం. విషం కనపడలేదు. కుప్పం అమ్మాయి ఎగిరి గంతేసింది. నేనూ ఎగరాలనుకున్నాను గానీ ఎగరలేకపోయాను. ఈ విషం పాయసంలో చక్కెరలా అంతటా సమంగా ఉండదు. ఒక గింజలో కొండంత ఉంటుంది, పక్క గింజలో ఏమీ ఉండదు. ఆ ఉండలో లేదు, సరే. మిగతా ఉండల్లో?

రిపోర్టులో పాము చావకుండా కర్ర విరగకుండా ఏదో ఒకటి రాసి పంపేయమన్నారు పెద్దసారు. పంపాం. కానీ ఆ గడప మీద కూర్చున్న మనిషికి రిపోర్టు సరిపోదని నేనే పుంగనూరు బస్సెక్కాను.

ఆమె అక్కడే ఉంది. లోపల ఎవరో ఉప్మా కలుపుతున్నారు, మాడు వాసన వస్తోంది. నేను పక్కనే కూర్చున్నాను. అడుగు గింజల్లో విషం ఉందని, నిమ్మనపల్లె ఉండలో లేదని, మిగతావాటి సంగతి చెప్పలేనని, ఉన్నదున్నట్టు చెప్పాను. మూట ఎందుకు పాడైందో కూడా చెప్పాను.

ఆమె చివరిదాకా వింది. తర్వాత, "ఒక్క మాట చెప్పమంటిని కదా మేడం," అంది.

"ఆ ఒక్క మాటే నాకు తెలియదమ్మా."

"ఇంత సదివి, అంత దూరం మిషన్లకు పంపి, తెల్దంటారా?"

"అవును."

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆ పెద్దాయన ఎట్లుండాడు?" అని అడిగింది. బాగాలేడన్నాను. "ఆయప్ప తప్పేముంది. నేనన్నా మూట విప్పినప్పుడు అడుగుదాకా సూసుండాల. దేవునిది కదా, బాగనే ఉంటాదిలే అనుకుంటి," అంది. లోపలినుంచి మాడువాసన ఇంకా ఎక్కువైంది. ఒక పిల్లవాడు ఏడుపు మొదలుపెట్టాడు. ఆమె కాసేపు విని, విని, చివరికి లేచి లోపలికి వెళ్ళి వాళ్ళ చేతిలో గరిటె లాక్కుంది. నేను ఇచ్చిన జవాబుతో లేచిందా, మాడిన ఉప్మా వల్ల లేచిందా అనేది ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను.

ఆ పిల్లలను డాక్టరమ్మ మళ్ళీ మళ్ళీ పిలిపించి చూసింది. పెరుగుతున్నారు, ఆడుకుంటున్నారు. అందుకని ఏమీ జరగలేదని చెప్పవచ్చా? నేను చెప్పలేను. మీలో ఎవరికైనా చెప్పగలిగినంత ధైర్యం ఉంటే, మీ గురించి నాకు కొంచెం భయమే.

మరుసటి ఏడు నేను రిటైరయ్యాను. కోత పండగకు రమ్మని వంటమ్మ కబురు పంపింది. వెళ్ళేసరికి ఆస్పత్రి ముందు తారురోడ్డు మీద సగానికి వేరుశనగ ఆరబోసి ఉంది. పక్కన సదుం పెద్దాయన, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, కొత్త తలపాగా, చేతిలో కర్ర. ఆటోలను ఆపడం లేదు, మేకలను మాత్రం అదిలిస్తున్నాడు. నన్ను చూసి, "దేవునికే రోడ్డు మీద పోస్తాండానమ్మా," అని నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగింది. "పాదిరిగారు ఏమీ కాదులే పోయి పొయ్యమన్నారు. నాకే ఇంకా తప్పు చేస్తాండట్టుండాది." అంతకుముందే ఇంట్లో ఎండబెట్టిన ఒక మూటను ల్యాబుకు పంపి, మా కుప్పం అమ్మాయి చేత పరీక్ష చేయించి, బాగుందనిపించుకుని తెచ్చాడు. రోడ్డు మీదివి ఇంకో మూటవట, ఒకసారి ఎండినా మనసు కుదరక రెండో ఎండ చూపిస్తున్నాడు.

ల్యాబులో బాగుందన్న మొదటి మూటతో వంటమ్మ ఉండలు చుట్టింది. పళ్ళెంలో పెట్టుకుని పిల్లల దగ్గరికి పోకుండా ముందు నా దగ్గరికి వచ్చింది. ఒక ఉండను రెండుగా విరిచింది. సగం తన నోట్లో వేసుకుని నమిలి మింగింది. రెండో సగం నా చేతిలో పెట్టింది.

"మీకూ తెల్దు, నాకూ తెల్దు. ఏమైనా ఇద్దరికీ కానీ మేడం," అంది.

పెద్దాయన కర్ర ఆనించుకుని చూస్తున్నాడు. వార్డు కిటికీలోంచి తల్లులు చూస్తున్నారు. నాలుకతో తెలిసేది పరీక్ష కాదని అందరికంటే నాకే బాగా తెలుసు. నోట్లో వేసుకుని, ఒక్కొక్క పలుకూ వెతుకుతూ, మెల్లగా నమిలాను.

"చేదుండాదా?" అని అడిగింది. "ఒక్క మాట చెప్పండి."

"లేదు," అన్నాను.

ఆమె పళ్ళెం ఎత్తుకుని పిల్లల దగ్గరికి వెళ్ళింది.